కార్తెలు వస్తున్నాయి, అదను రావడం లేదు
వేరుశనగ రైతుకు ఏటా అదే ప్రశ్న: విత్తేదా, వద్దా?

అనంతపురం: మృగశిర కార్తె ప్రవేశించిందంటే అనంతపురం జిల్లాలో ఏ ఊరి రచ్చకట్ట మీద చూచినా ఒకటే మాట వినిపిస్తుంది. "ఏమప్పా, ఈసారి విత్తనం వేసేదా, వద్దా?" ఈ ప్రశ్నకు ఒకప్పుడు జవాబు చెప్పగలవారు ఊరికి నలుగురైనా ఉండేవారు. గాలి దిక్కు చూచి, మబ్బు రంగు చూచి, చీమల బారు చూచి వాన ఇంకెన్నాళ్లలో వస్తుందో చెప్పేవారు. ఇప్పుడు ఆ పెద్దలే ఆకాశం వైపు చూచి పెదవి విరుస్తున్నారు. కార్తెలు పంచాంగం ప్రకారం వచ్చిపోతున్నాయి. వానలు మాత్రం పంచాంగం చూచుకుని రావడం లేదు.

ప్రపంచమంతటా వాతావరణం మారుతున్నదని శాస్త్రజ్ఞులు చెబుతున్న మాట పట్టణాల్లో జరిగే సభలకు, సమావేశాలకు సంబంధించిన విషయంగా కొందరికి కనబడవచ్చు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల మెట్ట రైతుకు మాత్రం అది ఏటా జూన్, జూలై నెలల్లో వాకిట్లోకి వచ్చి నిలబడే సమస్య. వాన తక్కువ పడటం ఇక్కడి వారికి కొత్త కాదు. ఎప్పుడు పడుతుందో, పడిన తడి ఎన్నాళ్లు నిలుస్తుందో తెలియకపోవడమే కొత్త కష్టం. అదను తప్పిన వాన ఎంత కురిసినా పైరుకు పనికిరాదు. ఆ అదను మీదనే విత్తనం, అప్పు, కూలి, పశువుల మేత, పిల్లల చదువు అన్నీ ఆధారపడి ఉన్నాయి.

కరవు పాతదే

దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వర్షపాతం గల జిల్లాగా అనంతపురానికి పేరుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా విడిపోక ముందు లెక్కల ప్రకారం ఇక్కడి సాలీనా సగటు వర్షపాతం సుమారు 552 మిల్లీమీటర్లు. ఇందులో నైరుతి రుతుపవనాల వల్ల పడేది 338 మిల్లీమీటర్ల వరకు మాత్రమే. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీద కురిసి, వట్టిపోయి ఇటు వస్తాయి. ఈశాన్య మేఘాలు కోస్తా మీద కురిసి, ఇక్కడికి చేరేసరికి చాలా వరకు చెదిరిపోతాయి. రెండు వైపులా దూరమైన నేల ఇది.

ధాత కరవు అని పెద్దలు చెప్పుకునే 1876-78 నాటి మహాక్షామం వచ్చినప్పటికి అనంతపురం జిల్లా అనేది ఇంకా ఏర్పడలేదు. బళ్ళారి నుంచి 1882లో ఇది విడివడింది. అంటే ఈ జిల్లాకంటే ఇక్కడి కరవు వయసు ఎక్కువ. కనుక ప్రతి ఎండిన చేనుకూ భూగోళం వేడెక్కడమే కారణమని చెప్పడం సరికాదు. అయితే ఆనాటి రైతు కరవును ఎదుర్కొన్న తీరు వేరు. చేలో పది రకాల గింజలు చల్లేవాడు. జొన్న పాతర వేసుకునేవాడు. ఏదో ఒకటి చేతికి వచ్చేది. ఇప్పుడు కరవు స్వభావమూ మారింది, రైతు చేలోని పంటా మారింది. ఈ రెండు మార్పులూ ఒకేసారి మీద పడటంతోనే చిక్కు వచ్చింది.

పునర్వసులో విత్తనం, స్వాతిలో కాయ

వేరుశనగ సుమారు 110 రోజుల పంట. ఆరుద్ర, పునర్వసు కార్తెలలో, అంటే జూన్ 22 నుంచి జూలై మూడో వారం లోపల పదును దొరికితే గొర్రు కట్టి విత్తుతారు. ఆశ్లేష వచ్చేసరికి పూత. మఖలో ఊడలు భూమిలోకి దిగుతాయి. పుబ్బ, ఉత్తర కార్తెలలో కాయ ఊరుతుంది. చిత్త, స్వాతి కార్తెలలో చెట్టు పీకుతారు. అక్టోబరు నెలాఖరుకు బుడ్డలు ఇంటికి చేరాలి.

ఈ లెక్కలో ఎక్కడ తప్పినా పంట తప్పినట్టే. పూత దశలో వాన లేకపోతే పూత రాలుతుంది. ఊడలు దిగే సమయానికి పైమట్టి గట్టిపడితే ఊడ భూమిలోకి దిగలేక పైనే మాడిపోతుంది. చెట్టు పచ్చగా ఏపుగా కనిపిస్తుంది గాని పీకి చూస్తే వేరుకు కాయ ఉండదు. రోడ్డు మీద పోయే వారు చూచి పంట బాగుందనుకుంటారు. చేనుగల రైతు గుండెలో ఉన్న దిగులు వారికి తెలియదు.

కోత దగ్గర మరో గండం. ఈ ప్రాంతంలో వేసే గుత్తి రకాల గింజకు నిద్రావస్థ దాదాపు ఉండదు. కాయ ముదిరాక వాన పట్టుకుంటే గింజ భూమిలోనే మొలకెత్తుతుంది. పీకి కుప్పవేసినాక తడిస్తే కట్టె బూజు పడుతుంది. వేరుశనగ కట్టె ఇక్కడి పశువులకు ముఖ్యమైన మేత. అది కుళ్లితే కాయతోపాటు పశువుల ఏడాది తిండి పోయినట్టే. చివరి దశలో ఎండ ఎక్కువై నేల బెట్టకు వస్తే గింజకు శిలీంధ్రం పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. అటువంటి సరుకును ఎగుమతి వ్యాపారులు తిప్పి పంపుతారు.

విచిత్రం ఏమంటే జిల్లాలో ఎక్కువ వాన పడే నెల సెప్టెంబరు. పంటకు నీరు అత్యవసరమైన ఆగస్టులో తరచు వరుపు వస్తుంది. పైరు రెండు వానల మధ్య సన్నని దారిలో నడిచి గట్టెక్కాలి. ఆ దారి నానాటికీ ఇరుకవుతున్నదని అనుభవజ్ఞులైన రైతులు చెబుతున్నారు.

ఐదెకరాల రైతు లెక్క

ఐదెకరాల ఎర్రనేల ఉన్న రైతు విషయం చూస్తే ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. ఎకరాకు 60 కిలోల గింజ చొప్పున అతనికి మూడు క్వింటాళ్ల గింజ కావాలి. అందుకు నాలుగు క్వింటాళ్లకు పైగా కాయలు వలవాలి. 2024-25 సంవత్సరానికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు. ఆ ధరకు కట్టినా విత్తనం ఒక్కటే దాదాపు 29 వేల రూపాయలు అవుతుంది. విత్తనపు కాయ ఎప్పుడూ మద్దతు ధరకు దొరకదు. దుక్కి, ఎరువు, విత్తే కూలి, కలుపు కూలి వేరే.

కొర్ర, సజ్జ వంటి పైర్లకు ఎకరాకు రెండు మూడు కిలోల విత్తనం చాలు. మొలక పోతే మళ్లీ చల్లుకోవచ్చు. వేరుశనగ రైతు విత్తనం పోతే ఇంట్లోని మూలధనమంతా మట్టిలో కలిసినట్టే. ఒక్క మంచి వానకు ఆశపడి జూన్‌లోనే విత్తితే జూలై వరుపుకు మొలక మాడవచ్చు. ఇంకొక వాన చూద్దామని ఆగితే అదను దాటవచ్చు. జూలై నెలాఖరు దాటాక వేరుశనగ విత్తవద్దని శాస్త్రజ్ఞుల సలహా. అప్పటికే విత్తనం కాయలు కొని ఇంట్లో పెట్టుకున్నవాడు వాటిని ఏమి చేయాలి? ఆడవారు రేయింబవళ్లు కూర్చుని వలిచిన గింజ పురుగు పట్టక ముందే నేలలో వేయాలి. అందుకే తప్పని తెలిసీ ఆగస్టులో విత్తేవారు ఉన్నారు. అది తెలియక చేసే పని కాదు, దారి లేక చేసే పని.

అదే వాన, తక్కువ పదును

పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే భూమి సగటు ఉష్ణోగ్రత 2011-20 దశాబ్ది నాటికి 1.1 డిగ్రీలు పెరిగిందని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘం నిర్ధారించింది. 2024 సంవత్సరంలో ఆ పెరుగుదల 1.5 డిగ్రీలు దాటిందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. డిగ్రీన్నర అంటే ఎంత అనిపించవచ్చు. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయనే సీమలో డిగ్రీన్నర ఒక లెక్కా అని నవ్వేవారూ ఉన్నారు.

లెక్క ఎక్కడుందంటే పదునులో ఉంది. ఎండ తీవ్రత పెరిగితే నేలలోని తడి త్వరగా ఆవిరవుతుంది. ఒకప్పుడు ఒక అదను వానకు పైరు పన్నెండు రోజులు తట్టుకునేదనుకుంటే ఇప్పుడు అంతే వానకు అన్నాళ్లు తట్టుకోలేదు. ఈ జిల్లాలోని ఎర్రనేలల్లో లోతు తక్కువ, గరుకు ఎక్కువ. నీరు పట్టి ఉంచే గుణం అంతంతమాత్రం. వాన కొలిచే గాజు గొట్టంలో ఎప్పటి అంకే కనిపిస్తుంది. చేలో మాత్రం కరవు కనిపిస్తుంది.

మరో వైపు వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోస్తుంది. ఒక్క డిగ్రీ పెరిగితే గాలి సుమారు ఏడు శాతం అదనపు తేమను పట్టుకోగలదని శాస్త్రం చెబుతుంది. అలా మోసుకు తిరిగిన నీటిని మేఘం ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. 1950 తర్వాత మధ్య భారతంలో కుండపోత వానలు పెరిగాయని, మామూలు జల్లులు తగ్గాయని వాతావరణ శాస్త్రజ్ఞుల పరిశీలనలో తేలింది. మెట్ట పైరుకు కావలసింది ఆ జల్లులే. ఒక్క పూటలో కురిసే నాలుగు అంగుళాల వాన పైమట్టిని కోసుకుని వంకలో పడుతుంది. చేనుకు మిగిలేది గులకరాయి.

ఒకసారి ఎండకు, ఒకసారి వానకు

గత కొన్నేళ్ల అనుభవం చూస్తే ఈ మాట బోధపడుతుంది. 2016 ఖరీఫ్‌లో తొలకరి ఆశాజనకంగా ఉండటంతో రైతులు ఉత్సాహంగా విత్తారు. ఆగస్టులో వాన ముఖం చాటేసింది. కాయ ఊరవలసిన సమయంలో పైరు వాడిపోతుంటే ప్రభుత్వం రెయిన్‌గన్లు తెప్పించి, కుంటల నుంచి, ట్యాంకర్ల నుంచి నీళ్లు చల్లించింది. కొన్ని చేలు తడిశాయి. లక్షల ఎకరాల మెట్టను ట్యాంకర్లతో తడపడం ఎవరి తరమూ కాదని ఆ ఏడాదితో అందరికీ తెలిసింది.

2021లో పరిస్థితి తలకిందులైంది. నవంబరు 19న తమిళనాడు తీరం దాటిన వాయుగుండం ప్రభావంతో రాయలసీమ అంతటా కుంభవృష్టి కురిసింది. ఏళ్ల తరబడి ఇసుక తప్ప నీరు కనిపించని చిత్రావతి ఒడ్డులు ఒరుసుకుని పారింది. చెన్నేకొత్తపల్లి మండలంలో వరదలో చిక్కుకున్న వారిని హెలికాప్టర్ తెప్పించి రక్షించవలసి వచ్చింది. నీళ్ల కోసం దేవుళ్లకు మొక్కే జిల్లాలో నీళ్ల నుంచి మనుషులను కాపాడేందుకు హెలికాప్టర్ రావడం పెద్దలు కూడా ఎరుగరు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం పట్టణ శివార్లే మునిగాయి.

ఆ మరుసటి ఏడాది మళ్లీ ఎండ. 2023 ఆగస్టు, 1901 నుంచి లెక్కలున్న కాలంలో దేశం మొత్తం మీద అతి తక్కువ వాన పడిన ఆగస్టుగా నమోదైంది. ఆ ఖరీఫ్‌లో రాష్ట్ర ప్రభుత్వం 103 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించింది. వాటిలో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల మండలాలే ఎక్కువగా ఉన్నాయి. మూడేళ్లలో ఒక వరద, ఒక ముంపు, ఒక కరవు. వీటి మధ్య రైతు ఏ అనుభవాన్ని నమ్ముకుని విత్తాలి?

ఒకే పంట మీద ఊరంతా

ఈ కష్టానికి మనుషుల చేతలూ తోడయ్యాయి. కొర్ర, ఆరిక, సజ్జ, జొన్న, ఉలవ, అలసంద, ఆముదం, కంది కలగలిపి వేసిన చేలు క్రమంగా వేరుశనగకే అంకితమయ్యాయి. నూనె ధర బాగుంది. కొనేవాడు ఇంటికి వచ్చాడు. అప్పు, విత్తనం, బీమా అన్నీ వేరుశనగకే అందాయి. ఉమ్మడి జిల్లాలో ఒక దశలో ఎనిమిది లక్షల హెక్టార్లకు పైగా ఈ ఒక్క పంటే కనిపించేది. కొంత కాలంగా ఆ విస్తీర్ణం తగ్గుతూ వస్తున్నా మెట్ట రైతుకు నగదు పంట అంటే ఇప్పటికీ ఇదే.

ఒకే పంట ఉన్నప్పుడు ఒకే దెబ్బకు అందరూ పడిపోతారు. 2000 సంవత్సరంలో కాండం కుళ్లు వైరస్ తెగులు ఈ జిల్లాను చుట్టుముట్టినప్పుడు సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పైరు దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైగా ఉంటుందని అంచనా వేశారు. వయ్యారిభామ కలుపు పుప్పొడి ద్వారా, తామర పురుగుల ద్వారా ఆ వైరస్ వ్యాపించింది. చేను పక్కన చేను, ఊరు పక్కన ఊరు అదే పంట కావడంతో ఎక్కడా అడ్డు లేకపోయింది.

ఇది ఒక్క అనంతపురం కథే కాదు. ఆఫ్రికా ఖండంలో సహారా ఎడారి అంచున ఉన్న దేశాల్లోనూ వేరుశనగే మెట్ట రైతుకు డబ్బు తెచ్చే పంట. ఉత్తర నైజీరియాలోని కానో పట్టణంలో ఒకప్పుడు వేరుశనగ బస్తాలను గోపురాల్లాగా పేర్చేవారు. ప్రపంచమంతా ఆ బస్తాల గోపురాల గురించి చెప్పుకునేది. 1970 దశకపు కరవులు ఆ ప్రాంతాన్ని కుంగదీశాయి. దానికి తోడు 1975లో వచ్చిన రోసెట్ వైరస్ సుమారు ఏడు లక్షల హెక్టార్ల పైరును తుడిచిపెట్టింది. ఆ గోపురాలు మళ్లీ లేవలేదు. పక్కనున్న నైజర్ దేశంలో కూడా వేరుశనగ ఎగుమతి ఆ కరవులతోనే దెబ్బతిన్నది. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో 1972లో నెలకొల్పిన ఇక్రిశాట్ సంస్థ అనంతపురంతో పాటు ఆ దేశాల వేరుశనగ మీద కూడా పరిశోధనలు చేస్తున్నది. రెండు చోట్లా రైతులు పేదవారు, నేలలు పలుచన, వాన మీదే ఆధారం. భూమిని వేడెక్కించిన పొగలో ఈ రైతుల వాటా అతి స్వల్పం. నష్టంలో వాటా మాత్రం పెద్దది. ఇటువంటి దేశాలకు పరిహారం కోసం ఒక నిధి ఏర్పాటు చేయాలని 2022లో ఈజిప్టులో జరిగిన ప్రపంచ సదస్సులో అంగీకరించారు. ఆ మాట ఎర్రనేల చేను గట్టు దాకా రావాలంటే చాలా దూరం ఉంది.

బోరు దారి, ఊరు విడిచే దారి

వానను నమ్మలేని రైతు భూమి లోపలికి చూచాడు. అప్పు తెచ్చి బోరు వేశాడు. నీళ్లు పడినవాడు చీనీ తోట పెట్టాడు. పక్కవాడు ఇంకో నూరడుగులు లోతుకు పోయాడు. కొన్ని చోట్ల వెయ్యి అడుగులకు దిగినా దుమ్మే వచ్చింది. ఏళ్ల తరబడి కన్నబిడ్డల్లా పెంచిన చీనీ చెట్లు నిలువునా ఎండితే, ట్యాంకర్లతో కొన్నాళ్లు తడిపి, చివరకు గొడ్డలి పట్టినవారు ఎందరో. బోర్ల మీద అదుపు కోసం 2002లో వాల్టా చట్టం వచ్చింది. చట్టం కంటే బోరు బండి ముందుగా ఊళ్లోకి వచ్చింది. 2012లో హంద్రీ-నీవా ద్వారా కృష్ణా జలాలు జీడిపల్లి జలాశయానికి చేరడం జిల్లాకు గొప్ప ఊరట. అయినా మెట్ట భూముల్లో అధిక భాగం ఇప్పటికీ ఆకాశం వైపే చూస్తున్నది.

"ఉత్తర చూచి ఎత్తర గంప" అని సామెత. సెప్టెంబరు మధ్యలో వచ్చే ఉత్తర కార్తె దాకా చూచి, అప్పటికీ వాన లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని ఊరు విడిచిపొమ్మని అర్థం. ఆ సామెత పాతదైనా గంప ఎత్తడం ఆగలేదు. బెంగుళూరులో కట్టడపు పనులకు, కేరళకు కూలి పనులకు సీమ నుంచి పోయే వారి సంఖ్య కరవు ఏడాదిలో పెరుగుతుంది. ఇంట్లో ముసలివారు, బడి ఈడు పిల్లలు మిగులుతారు. పిల్లలను వెంట తీసుకుపోతే చదువు పోతుంది, వదలిపోతే చూచే దిక్కు ఉండదు.

సొంత భూమి లేని ఆడకూలీల కష్టం లెక్కల్లోకి కూడా రాదు. విత్తనం కాయలు వలవడం, కలుపు తీయడం, చెట్టు పీకడం, బుడ్డలు కోయడం, చేలో మిగిలిన కాయలు ఏరుకోవడం అన్నీ వారి పనులే. పంట పోతే రైతుకు పరిహారం వచ్చినా రాకపోయినా ఒక జాబితాలో పేరైనా ఉంటుంది. పోయిన కూలి దినాలకు జాబితా లేదు. దేశంలో గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైందంటే ఈ జిల్లాలో పని ఎంత అవసరమో ఢిల్లీ దాకా తెలిసినట్టే. అప్పుల బాధతో రైతులు ప్రాణాలు తీసుకున్న వార్తలూ ఈ జిల్లా నుంచి వెలువడుతూ వచ్చాయి.

రకరకాల గింజలున్న చోట

ఇంతటి ఇబ్బందిలోనూ దారులు వెదుకుతున్నవారు లేకపోలేదు. వేరుశనగ ఏడు సాళ్లకు ఒక సాలు కంది వేయాలన్నది వ్యవసాయ శాఖ ఎప్పటి నుంచో చెబుతున్న మాట. కంది వేరు లోతుకు పోతుంది. వేరుశనగ పోయినా సెప్టెంబరు, అక్టోబరు వానలకు కంది తేరుకుని కొంతైనా చేతికిస్తుంది. ఈ ఒక్క సాలు నియమం పాటించిన రైతు పూర్తిగా మునగలేదని అనుభవం చెబుతున్నది.

కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6, ఆ తర్వాత వచ్చిన కదిరి లేపాక్షి వంటి రకాలు చేలల్లోకి వచ్చాయి. ఇక్రిశాట్ వారి ఐసీజీవీ 91114 రకం తక్కువ కాలంలో చేతికి వచ్చి బెట్టను తట్టుకుంటుందని ఈ జిల్లా చేలల్లోనే పరీక్షించి చూచారు. 1940లో విడుదలైన టీఎంవీ-2 రకం దశాబ్దాల తరబడి ఇక్కడి నేలను ఏలిందంటే, కొత్త విత్తనం రైతు దాకా చేరడం ఎంత ఆలస్యమో అర్థమవుతుంది.

ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు కొందరు తొలకరి కోసం ఎదురుచూడటం మానుకున్నారు. ఎండాకాలంలోనే నవధాన్యాల విత్తనాలకు బంకమట్టి, పేడ ఎరువు, బూడిద పట్టించి గుళికలుగా చేసి చల్లుతున్నారు. పైన చెత్తతో కప్పుతున్నారు. తగినంత తడి తగిలినప్పుడు ఆ గింజ తానే మొలుస్తుంది. నేల బోడిగా ఉండదు. మట్టి కొట్టుకుపోదు. పశువులకు ముందే పచ్చిమేత దొరుకుతుంది. ఆ తర్వాత అసలు పంట వేసుకుంటారు. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో 1990లో ప్రారంభమైన టింబక్టు కలెక్టివ్ సంస్థ రైతులతో చిరుధాన్యాలు పండించి, వారి సహకార సంఘం ద్వారానే అమ్మకం జరిపిస్తున్నది.

ఇవి మంత్రాలు కావు. కలగలుపు చేనుకు కూలి ఎక్కువ, కోత ఒకసారిగా జరగదు. కొర్ర పండించినా పొట్టు తీసే మిల్లు దగ్గరలో ఉండదు. అయినా పది గింజలు వేసిన చేలో నాలుగైనా నిలుస్తాయి. నాలుగు గొర్రెలు, రెండు పశువులు ఉన్న ఇల్లు పంట పోయిన ఏడాదిని ఎలాగో గడుపుతుంది. పెద్దలు పాటించిన పద్ధతి ఇదే.

వాన మారింది, ఏర్పాట్లు మారలేదు

వాన రాకడ మారింది గాని ప్రభుత్వపు ఏర్పాట్లు పాత క్యాలెండరు మీదనే నడుస్తున్నాయని రైతులు విమర్శిస్తున్నారు. విత్తన పంపిణీ అంటే వేరుశనగ కాయల పంపిణీయే ప్రధానం. ఆగస్టులో వాన పడినప్పుడు కొర్ర, ఉలవ, జొన్న, అలసంద విత్తుకోండని సలహా వస్తుంది. సలహా వచ్చిన రోజున ఆ విత్తనం ఊళ్లో ఉండదు. అది వచ్చేసరికి పదును ఆరిపోతుంది.

ఇంకో వింత ఉంది. వేరుశనగకు, జొన్నకు, సజ్జకు, రాగికి కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది. ఆలస్యపు వానకు వేసుకొమ్మని చెప్పే కొర్రకు, ఉలవకు ఆ ధర లేదు. 2023 సంవత్సరాన్ని మన దేశం చొరవతో ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. పట్టణాల అంగళ్లలో కొర్ర బియ్యం ధర పెరిగింది. పండించే రైతు ఇప్పటికీ వ్యాపారి చెప్పిన ధరకే అమ్ముకుంటున్నాడు. ధర భరోసా లేని పంటకు మారమంటే ఎవరు మారుతారు?

బీమా సంగతీ అంతే. వర్షపాతం ఆధారంగా నడిచే బీమాలో వాన కొలిచే యంత్రం ఉన్న చోట పడిన చినుకులే లెక్క. ఈ సీమలో ఎద్దు ఒక కొమ్ము తడిసి మరో కొమ్ము తడవని వానలు కురుస్తాయి. యంత్రం ఉన్న ఊళ్లో వాన, పక్క ఊళ్లో ఎండ. పక్క ఊరి రైతుకు దక్కేది శూన్యం. వాతావరణ శాఖ, వ్యవసాయ పరిశోధన కేంద్రాలు కలిసి వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో సలహా పత్రాలు వెలువరిస్తున్నాయి. ఉపయోగకరమైన పని. అయితే ఆ పత్రంలోని భాష, లెక్కలు చదువుకున్నవారికే అర్థమయ్యేలా ఉన్నాయని, రచ్చకట్ట దాకా చేరడం లేదని రైతులు అంటున్నారు.

రైతులు కోరుతున్నవి గొంతెమ్మ కోరికలు కావు. ప్రతి ఊళ్లో ఒక వాన కొలత యంత్రం పెట్టి, ఆ రోజు లెక్క అందరికీ కనిపించేలా బోర్డు మీద రాయాలని, బీమాకు ఆ లెక్కనే ఆధారం చేయాలని అడుగుతున్నారు. రైతు సేవా కేంద్రాల్లో వేరుశనగతో పాటు కొర్ర, ఉలవ, జొన్న, కంది విత్తనాలను మే నెలలోనే నిల్వ ఉంచాలని, జూలై నెలాఖరుకు విత్తలేకపోయిన రైతు దగ్గర వేరుశనగ కాయలు తిరిగి తీసుకుని వేరే విత్తనం ఇచ్చే ఏర్పాటు చేయాలని కోరుతున్నారు. చిరుధాన్యాలు కొనే కేంద్రం, పొట్టు తీసే చిన్న మిల్లు మండలానికి ఒకటైనా కావాలంటున్నారు. పూడిన చెరువులను, కుంటలను వాన రాక ముందే తవ్వించాలన్నది మరో విజ్ఞప్తి. కుండపోత వాన పడినప్పుడు ఆ నీటిని పట్టుకునే పాత్ర ఊళ్లో ఉండాలి గదా అని వారి వాదన.

వానను ఎవరూ ఆజ్ఞాపించలేరు. ఏ కార్తెలో వస్తుందో ఇకముందు కచ్చితంగా చెప్పేవారూ దొరకకపోవచ్చు. అయితే వాన ఏ కార్తెలో వచ్చినా వేసుకునేందుకు ఇంట్లో ఒక గింజ, అమ్ముకునేందుకు ఒక ధర, పోతే నిలబడేందుకు ఒక ఆసరా ఉంటే రైతు భయపడడు. అప్పుడు రచ్చకట్ట మీద మాట కూడా మారుతుంది. "విత్తేదా, వద్దా" అని కాక, "ఈ వానకు ఏది విత్తుదాం" అని అడుగుతారు. సంబంధిత అధికారులు వచ్చే మృగశిర లోపలే ఈ దిశగా ఆలోచించాలని జిల్లా రైతాంగం కోరుతున్నది.